ఉగాది సాయంత్రం పార్కులో పాటా పద్యం: పోయినేడు మా పరువు పోయింది, ఈసారి ఎలా చేయాలి?

పార్కు సెక్రటరీ

పోయినేడు మా కాలనీ పార్కులో ఉగాది సాయంత్రం పెట్టాం. ఆరుబయట సంగీతం, కవి సమ్మేళనం, ఆఖర్న పులిహోర. కాగితం మీద బ్రహ్మాండంగా కనిపించింది. జరిగింది మాత్రం ఇదీ. అయిదున్నరకి మొదలవ్వాల్సింది ఆరున్నరకి మొదలైంది. పంచాంగ శ్రవణం ముప్పావుగంట, పన్నెండు రాశులకీ ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం అవమానం వదలకుండా చదివారు. తర్వాత పెద్దలు నలుగురి ప్రసంగాలు, శాలువాలు. ఆ తర్వాత 23 మంది కవులు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలన్నాం. ఆ మూడు నిమిషాలూ "ఈ కవిత ఎందుకు రాశానంటే" అని చెప్పడానికే చాల్లేదు.

వీణ వాయించడానికి వచ్చిన మేడమ్ పాపం తొమ్మిదీ నలభైకి స్టేజి ఎక్కారు. శ్రుతి చేసుకునేసరికి పది తక్కువ పది. ఎదురుగా ఎంతమంది ఉన్నారా అని లెక్కపెట్టాను. 11 మంది. అందులో ఇద్దరు టెంట్ హౌస్ కుర్రాళ్లు, కుర్చీలు ఎప్పుడు సర్దుకుందామా అని నిలబడ్డవాళ్లు. సరిగ్గా పదింటికి కానిస్టేబుల్ వచ్చి మైకు కట్టేయమన్నాడు.

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. పండగ రోజే పెట్టాలా, 22 ఆదివారానికి జరపాలా? కవుల్ని పిలవాలా, మానాలా? కమిటీలో సగం మంది "ఆర్కెస్ట్రా పెట్టేసి ఊరుకుందాం" అంటున్నారు. 140 ఇళ్లు, చందా మొత్తం 60 వేలు దాటదు. చేసి చేతులు కాల్చుకున్నవాళ్లు చెప్పండి.

ఉప్పూకారం

పోయినేడు విశ్వావసు. అది గంధర్వుడి పేరు. గంధర్వుడి పేరు పెట్టుకున్న ఏడాదే వీణకి పది నిమిషాలు దక్కితే, ఇప్పుడొచ్చేది పరాభవ నామ సంవత్సరం. ఆలోచించుకోండి మరి.

పార్కు సెక్రటరీ

కమిటీ మీటింగులో ఇదే జోకు నలుగురు వేశారు. మీరు అయిదోవారు.

గోదారిగట్టు

కవుల్ని మానేయండండీ, పీడా పోతుంది. మా ఊళ్లో మూడేళ్లు చేశాం. ఆరుబయట కవిత్వం నిలబడదు. హాల్లో అయితే తలుపులేసి కూర్చోబెట్టొచ్చు. పార్కులో పిల్లలు ఉయ్యాల ఊగుతుంటారు, ఐస్‌క్రీమ్ బండోడు గంట కొడతాడు, ఆయనేమో "నిశ్శబ్దం నన్ను కౌగిలించుకుంది" అని చదువుతుంటాడు. ఎక్కడండీ నిశ్శబ్దం?

కందపద్యం

గోదారిగట్టు గారూ, ఆరుబయట కవిత్వం నిలబడదని గోదావరి జిల్లా మనిషే అనడం వింతగా ఉంది. పౌరాణిక నాటకాలు ఎక్కడాడారు? ఏసీ హాల్లోనా? ఊరి బయట పొలంలో, రాత్రి తొమ్మిదికి మొదలెడితే తెల్లారి కోడి కూసేదాకా. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు బడికెళ్లని వాళ్ల నోళ్లలో కూడా ఆడాయంటే అచ్చు పుస్తకం చదివి కాదు, చాపలు పరుచుకుని కూర్చుని విని. పద్యం రాగంలో ఎత్తుకుంటే ఐస్‌క్రీమ్ గంట దానిముందు ఎంత? బయట నిలబడనిది కవిత్వం కాదు, ఫోన్లో చూస్తూ తల దించుకుని గొణిగే చదువు.

గోదారిగట్టు

అది నాటకమండీ. హార్మోనియం ఉంది, వేషం ఉంది, కిరీటం ఉంది. మా కవి గారికి జుబ్బా ఒక్కటే ఉంది.

మైకుమావయ్య

నేను 22 ఏళ్లుగా సౌండ్ కడుతున్నా. గొడవ కవులది కాదు, మీ మైకుది. చాలామంది చేసే తప్పు ఒకటే. స్టేజికి అటొకటి ఇటొకటి రెండు పెద్ద బాక్సులు పెట్టి, ఆఖరి వరసకి వినపడాలని గట్టిగా పెంచేస్తారు. ముందు వరస చెవులు మూసుకుంటుంది, వెనక వరసకి మోతే తప్ప మాట అందదు. పైగా బాక్సు వెనక్కి, మైకు ముందుకి వస్తే ఒకటే కూత. కవి భయపడి మైకుకి దూరం జరుగుతాడు, ఆపరేటర్ ఇంకా పెంచుతాడు, ఇంకా కూస్తుంది.

పార్కులో చిన్న బాక్సులు నాలుగు తీసుకోండి. రెండు ముందు, రెండు జనం మధ్యలో. అన్నీ తక్కువలో పెట్టండి. మాట స్పష్టంగా ఉంటే జనం కూర్చుంటారు. మైకుకి స్పాంజి టోపీ తప్పకుండా వేయించండి, లేకపోతే గాలి తగిలినప్పుడల్లా ఫట్ ఫట్ మంటుంది. వీణ ముందు మామూలు స్టాండు మైకు పెట్టి వదిలేయకండి. ఒంటికి అంటించే కాంటాక్ట్ మైక్ ఉంటుంది, ఆవిణ్ణే అడగండి, ఆవిడ దగ్గరే ఉండొచ్చు. లైటు కూడా నెత్తి మీద కాదు, పక్కకి దూరంగా కట్టించాలి. దీపం పురుగులు లైటు దగ్గరికే చేరతాయి. మా ఊళ్లో ఒకాయన ఆలాపన మధ్యలో పురుగు మింగేసి, దగ్గుతూనే చరణం ఎత్తుకున్నాడు.

ఉప్పూకారం

పురుగు ఏ రాగంలో పడింది?

మైకుమావయ్య

పడింది మంద్రంలో, పైకొచ్చింది తారస్థాయిలో.

పదోతరగతి అమ్మ

అందరూ సంగీతం కవిత్వం అంటున్నారు. పదో తరగతి పరీక్షలు మార్చిలోనే అని ఒక్కరికీ గుర్తు లేదా? మాది పార్కుకి ఎదురిల్లు (మీ కాలనీ కాదులెండి, మా ఊళ్లోనూ ఇదే తంతు). పోయినేడు ఆర్కెస్ట్రా వాళ్లు రాత్రి పదకొండున్నర దాకా కొట్టారు. మా పెద్దమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని చదివింది. కిటికీ అద్దాలు అదిరాయి. చెప్పడానికి వెళ్తే "ఏడాదికోసారి పండగమ్మా" అన్నారు. పరీక్ష కూడా ఏడాదికోసారే కదా నాయనా! ఈ ఏడు మా చిన్నవాడి వంతు.

రూల్ బుక్

ఆవిడ చెప్పింది న్యాయం. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ అర్ధరాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా. మీ కాలనీ కమిటీకి ఆ అధికారం లేదు. పదిలోపు కూడా ఇష్టమొచ్చినట్టు కాదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. మైకుకి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పార్కు మునిసిపాలిటీదైతే వాళ్ల దగ్గర్నుంచి కూడా ఒక కాగితం చేతిలో ఉంచుకోండి. కానిస్టేబుల్ వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

గోదారిగట్టు

55 డెసిబెల్స్ అంటే మా ఆవిడ మామూలుగా మాట్లాడే మాట.

మైకుమావయ్య

అందుకే నాలుగు చిన్న బాక్సులన్నాను.

చార్మినార్ చౌరస్తా

భాయ్, కవుల్ని తీసేయుడు ఎందుకు, ముషాయిరా, అంటే ఉర్దూ కవి సమ్మేళనం, ఎట్ల నడుస్తదో చూసి నేర్చుకోరాదు? మా హైదరాబాద్‌ల నుమాయిష్ మైదాన్‌ల ముషాయిరా అంటే చలిల శాలువాలు కప్పుకొని అర్ధరాత్రి దాకా కూసుంటరు. అదీ ఆరుబయటనే. ఎందుకు కూసుంటరు?

ఒకటి, నాజిమ్ ఉంటడు. ఎవర్ని ఎప్పుడు పిలవాల్నో ఆయన ఇష్టం. సభ సల్లబడ్డదంటే మంచి గొంతున్నోన్ని లేపుతడు. రెండు, వరుస. చిన్నోళ్లు ముందు, ఉస్తాద్ ఆఖర్న. గందుకే జనం లేవరు, ఉస్తాద్ ఇంక రాలే కదా. పాత రోజులల్ల షమా, అంటే దీపం, ఎవరి ముందుకు వస్తే వాళ్లే చదవాలె. మూడు, వినేటోనికి పని ఉంటది. మొదటి మిస్రా, అంటే పాదం, చదవంగనే జనం దాన్ని తిరిగి అంటరు, రెండోది ఏమొస్తదో అని ఎదురుచూస్తరు. నచ్చితే వాహ్వా, ఇంకా నచ్చితే ముకర్రర్, అంటే మళ్లీ చదువు. మన కవి సమ్మేళనంల ఏముంటది? ఆఖర్న రెండు చప్పట్లు. అవి కూడా దిగిపోతున్నడన్న ఖుషీల కొడతరు.

కొందరు తరన్నుమ్‌ల చదువుతరు, అంటే పాడినట్టు. కొందరు ఉత్త మాటనే. రెండూ నడుస్తయ్.

కందపద్యం

చౌరస్తా గారి మాటకి నూటికి నూరు మార్కులు. మనకీ "వన్స్‌మోర్" ఉండేది కదా. నాటకంలో పద్యానికి వన్స్‌మోర్ కొడితే, చచ్చి పడున్న పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చేదని మా తాత చెప్పేవాడు.

పదిహేడో కవి

ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. ఇందులో రాయడానికే అకౌంటు తెరిచాను. సెక్రటరీ గారు చెప్పిన ఆ 23 మందిలో నేను పదిహేడోవాణ్ణి.

నన్ను అయిదింటికి రమ్మన్నారు. నాలుగున్నరకే వచ్చాను. నా పేరు పిలిచేటప్పటికి తొమ్మిదీ పది. నాలుగు గంటలా నలభై నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నడుం నొప్పి మనిషిని. మా పెరట్లో కొట్టేసిన వేపచెట్టు మీద రాశాను, రెండు నెలలు దిద్దాను. మూడు నిమిషాలన్నారని ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి, రెండు చరణాలు తీసేశాను కూడా. నేను మైకు ముందుకి వచ్చే వేళకి జనం ముఖాలన్నీ అటు తిరిగి ఉన్నాయి. ఎందుకంటే పులిహోర టేబుల్ స్టేజికి పక్కనే పెట్టారు. నేను "మొదటి చిగురు" అంటున్నాను, అక్కడెవరో "జీడిపప్పు రాలేదు" అంటున్నారు. 

మూడు నిమిషాల మాట పాటించనివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అందర్నీ ఒకే గాటన కట్టకండి. ఆ టేబుల్ అక్కడ పెట్టమని ఎవరు చెప్పారో అది కూడా రాయండి.

పార్కు సెక్రటరీ

నేనేనండి. కరెంటు ప్లగ్గు అక్కడే ఉంది, హాట్ బాక్సుకి కావాలని. క్షమించండి. మీ నంబరు నా దగ్గరుంది, రాత్రికి ఫోన్ చేస్తాను.

ఉప్పూకారం

జీడిపప్పు రాలేదన్నది నేను కాదని మనవి. మా కాలనీ వేరు.

వీణ పిన్ని

నేను ఆ వీణావిడని కాను, కానీ వీణదాన్నే. పోయినేడు ఆవిడ ఎలా ఇంటికెళ్లి ఉంటుందో నాకు తెలుసు. మెట్లు నిలబెట్టే మైనం మెత్తబడకుండా, తీగలకి తడి తగలకుండా ఆ వాయిద్యాన్ని పార్కుకి మోసుకురావడమే ఒక యజ్ఞం.

ఒక మాట చెబుతాను. ఎవరికి వాళ్లు విడివిడిగా స్టేజి ఎక్కడమే మీ తలనొప్పంతా. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనకి నేను రెండుసార్లు వెళ్లాను. పుష్య బహుళ పంచమి పొద్దున, కావేరి ఒడ్డున పందిరి కింద, వందల మంది కింద కూర్చుని పంచరత్నాలు కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో అయిదు త్యాగరాజ కృతులు. పేరున్న విద్వాంసుడూ, మొన్న నేర్చుకున్న పిల్లా ఒకే వరసలో. ఎవరికీ విడిగా మైకు ఇచ్చి పేరు పిలవరు ఆ సేపు. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. చుట్టూ పాడేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. నా పక్కనున్న అమ్మాయి పుస్తకంలో సాహిత్యం తమిళ లిపిలో ఉంది, క పక్కన చిన్నగా 3 అంకె. అది గ అని గుర్తట. అలా అంకెలు చూసుకుంటూ నాకంటే శుద్ధంగా పలికింది తెలుగు. నాకు పుస్తకం అక్కర్లేదని గొప్పగా వెళ్లి, గౌళలో మూడో చరణం దగ్గర ఆ పిల్ల వైపు తొంగి చూశాను.

ఇంకోటి. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్లని పాడనిచ్చేవారు కాదు. ఇప్పుడున్న త్యాగరాజు సమాధి మందిరం కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ, తన సొమ్ముతో. ఆడవాళ్లకి వేరే బృందం పెట్టి మరీ పాడించింది. మీ కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది, సెక్రటరీ గారూ?

పార్కు సెక్రటరీ

ఇద్దరు. పచ్చడి కమిటీలో.

వీణ పిన్ని

అనుకున్నా.

ఓరుగల్లు పిల్ల

పిన్ని మస్తు చెప్పింది. మా దిక్కు బతుకమ్మకు స్టేజి ఉంటదా, మైకు ఉంటదా, ముఖ్య అతిథి ఉంటడా? నడుమ బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుకుంట ఒకామె అంటది, మిగతోళ్లు అందుకుంటరు. తొమ్మిది దినాలు. మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు, గంట సేపు ఆగకుండ పాట కట్టేది. అండ్ల ఇంటాయన మీద సెటైర్లు సుత ఉండేటివి, పాట పాతదే అన్నట్టు మొఖం పెట్టి అనేది. గిప్పుడు డీజే పెట్టి ఖరాబ్ జేసిన్రు అనుకోండ్రి, అది వేరే ముచ్చట.

మీరు పార్కుల కుర్చీలు వరుసగ వెయ్యకుండ్రి. గుండ్రంగ వెయ్యుండ్రి. ఎనుక కూసున్నోళ్లే ముందుగాల లేచి పోతరు. గుండ్రంగ ఉంటే ఎనుక అనేదే ఉండది.

మైకుమావయ్య

గుండ్రంగా అంటే బాక్సులు ఎక్కడ కట్టాలమ్మా, చెట్టు మీదా?

ఓరుగల్లు పిల్ల

మీకు 22 ఏండ్ల అనుభవం అన్నరు గదా.

మైకుమావయ్య

అర్ధచంద్రం అయితే కుదురుతుంది. అంతకంటే నా వల్ల కాదు.

బొంకులదిబ్బ

ఇన్ని పాట్లు ఎందుకండీ, ఒక హరికథ పెట్టేయండి. పాట, పద్యం, వచనం, ఆట, హాస్యం అన్నీ ఒక్క మనిషే. చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు, పక్కన మృదంగం, వయొలిన్. జనం జారిపోతున్నారనిపిస్తే భాగవతార్ వెంటనే ఓ పిట్టకథ వదులుతాడు. మా విజయనగరం వాళ్లకి ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు చెప్పకుండా నోరు ఊరుకోదు. 1919లో మా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథకుడు సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్, అదీ మా ఊరు.

కందపద్యం

లేదా అష్టావధానం పెట్టండి. సమస్య, దత్తపది, అక్షరాలు నిషేధించే నిషిద్ధాక్షరి, మధ్యలో అడ్డం మాట్లాడే అప్రస్తుత ప్రసంగం...

గోదారిగట్టు

పార్కులో నిషిద్ధాక్షరా? ఐస్‌క్రీమ్ బండోడే అప్రస్తుత ప్రసంగం చేసేస్తాడండీ.

కందపద్యం

అవధానంలో గంట మోతలు లెక్కపెట్టే అంశం కూడా ఉంది. అదీ వాడే చూసుకుంటాడు. ఖర్చు కలిసొస్తుంది.

డాలస్ బాబాయ్

మా దగ్గర మార్చిలో చలి, అందుకని ఏప్రిల్లో పార్కు బుక్ చేసుకుని పెడతాం. మాకు కవులు తక్కువ, వేమన పద్యాలు చెప్పే పిల్లలు ఎక్కువ. 40 మంది పిల్లలు, అందరిదీ అదే పద్యం, ఉప్పు కప్పురంబు. ఒక్క గుక్కలో చెప్పేసి "థాంక్యూ" అని పరిగెత్తుతారు. వాళ్ల అమ్మానాన్నలు వీడియో అవగానే కారెక్కుతారు.

రెండేళ్ల కిందట ఓ చిన్న మార్పు చేశాం. పిల్ల మొదటి పాదం చెబితే రెండోది జనం చెప్పాలి. పద్యం కూడా చీటీ తీసి ఇచ్చాం, ఎవరికేది వస్తుందో తెలియదు. నమ్ముతారో లేదో, పిల్లలకి వచ్చి పెద్దలకి రాక నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాతి ఏడు పెద్దలే ముందుగా చదువుకొచ్చారు. టైమింగ్ కోసం ఇసుక గడియారం కూడా పెట్టాం, ఓ కవి గారు మాట్లాడుతూనే దాన్ని మెల్లగా తిరగేశారు. కాబట్టి అది మాత్రం వద్దు.

పదోతరగతి అమ్మ

ఇసుక గడియారం తిరగేసిన కవి గారు ఇండియా నుంచే వచ్చుంటారు.

డాలస్ బాబాయ్

చుట్టపు చూపుగా వచ్చారు. మా మావగారే.

పార్కు సెక్రటరీ

నిన్న కమిటీలో అందరి మాటలూ చదివి వినిపించాను (పులిహోర సంగతి తప్ప). ఖాయమైనవి రాస్తున్నా. 22 ఆదివారం, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర. ఎనిమిదిన్నరకి మైకు కట్టేయడం, అది పదోతరగతి అమ్మ గారి కోటా. పండగ రోజు పొద్దున గుళ్లో పంచాంగం ఎలాగూ వింటారు కనుక ఇక్కడ పావుగంటే. ప్రసంగాలు లేవు. శాలువాలు లేవు, ఆ డబ్బు మృదంగం ఆయనకి. అర్ధచంద్రంగా చాపలు, వెనక కుర్చీలు. వీణ ఆరున్నరకే. కవులు ఏడుగురు, ముగ్గురు ఆడవాళ్లు. పాటకీ పాటకీ మధ్య ఒక్కొక్కరు. షమా బదులు మా అటక మీద హరికేన్ లాంతరు ఒకటుంది, అది ఎవరి ముందుకొస్తే వాళ్లు చదవాలి. నడిపేది వీణ నేర్చుకునే కాలేజీ పిల్ల, కమిటీ వాళ్లెవరూ కాదు. పులిహోర పార్కు గేటు బయట.

ఒక్క చిక్కు. ఆర్కెస్ట్రా కావాలన్న సగం మంది ఇంకా అలిగి ఉన్నారు.

బొంకులదిబ్బ

అలిగినవాళ్లలో పాడేవాళ్లుంటారు చూడండి. అలకంతా అందుకే అయుంటుంది.

ఓరుగల్లు పిల్ల

ఇంకొక్కటి. కాలనీల ఉండెటోళ్లే కాదు, కాలనీకి పనికొచ్చేటోళ్లను సుత అడగుండ్రి ఎవరికేం వస్తదో. వాచ్‌మెన్, పాలాయన, పనికొచ్చే అక్కలు. చందా ఇయ్యకపోతే పాట రాదా?

చార్మినార్ చౌరస్తా

సహీ బాత్. లాంతరు ముచ్చట మాత్రం ఫోటో పెట్టాలె.

పార్కు సెక్రటరీ

అయిపోయింది. నిన్న రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి పడుకున్నాను, ఇప్పుడు రాస్తున్నా.

అయిదూ నలభైకి మొదలైంది. మా కాలనీ చరిత్రలో ఇదే రికార్డు. వీణకి నలభై నిమిషాలు దక్కాయి, లెక్కపెట్టడానికి వీల్లేనంత జనం లేచి తిరుగుతూనే ఉన్నారు గానీ వెళ్లిపోలేదు. మధ్యలో చల్లగాలి తిరిగి మృదంగం శ్రుతి దిగింది. ఆయన రాయి తీసుకుని అంచులు కొట్టుకుంటుంటే పిల్లలంతా ఆయన చుట్టూ చేరిపోయారు. అదో అంశం అనుకున్నారు. చివర చప్పట్లు కూడా కొట్టారు.

ఓరుగల్లు పిల్ల గారి మాట విని ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాం. ఎనిమిదేళ్లుగా మా చొక్కాలు ఆయనే చేస్తున్నాడు. ఒకప్పుడు నాటకాల్లో అర్జునుడు వేసేవాడట. హార్మోనియం ఎవరో తెచ్చారు. ఓ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు, మైకు ఒద్దన్నాడు. వెనక గేటు దగ్గర పులిహోర వడ్డించేవాళ్లు గరిటె పట్టుకునే లోపలికొచ్చారు. నాలుగు వన్స్‌మోర్లు. అలా పావుగంట దాటింది. టైమ్ చూడమని నియమించిన మనిషే రెండు వన్స్‌మోర్లు కొట్టాడు, ఆయన మీద చర్య తీసుకోవాలి.

అలిగినవాళ్లు కూడా వచ్చారు. బొంకులదిబ్బ గారూ, నిజమే. ముగ్గురు పాడారు. ఒకాయన పర్లేదు.

పదోతరగతి అమ్మ

మా ఊళ్లో మాత్రం మళ్లీ పదకొండు దాటింది. మీ ఊరికి మారిపోదామా అని అడుగుతున్నాడు మా వాడు.

పదిహేడో కవి

నేనూ చదివాను, నాలుగోవాణ్ణి ఈసారి. సెక్రటరీ గారు రాయలేదు గానీ ఒకటి జరిగింది. లాంతరు నా ముందుకి రాగానే గాలికి కాగితాలు మూడూ ఎగిరిపోయాయి. ఇద్దరు పిల్లలు పరిగెత్తి పట్టుకొచ్చి ఇచ్చారు. కంగారులో చూసుకోకుండా మొదలెట్టాను. రెండు వాక్యాలు అయ్యాక తెలిసింది, చదువుతున్నది మూడో పేజీ అని. చెట్టు కొట్టేశాక మిగిలిన మొద్దు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి చిగురు దాకా వచ్చాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ముందు వరసలో ఒకావిడ "చిగురు మాట మళ్లీ చదవండి" అన్నారు. చదివాను. ఇంటికెళ్లి పేజీల నంబర్లు మార్చుకున్నాను.

చార్మినార్ చౌరస్తా

ముకర్రర్ పడ్డది సాబ్ మీకు! ముబారక్.

కందపద్యం

ఆ వేపచెట్టు ఇక్కడ పెట్టండి, చదువుతాం.

పదిహేడో కవి

పెట్టను. వచ్చే ఏడు వచ్చి వినండి.

పార్కు సెక్రటరీ

అందరికీ దండాలు గానీ, ఓ అర్జెంటు పని. పచ్చడి గుండిగ మూత కనపడటం లేదు. టెంట్ హౌస్ వాళ్లు 300 కట్టమంటున్నారు. ఈ చర్చ చదువుతున్న మా కాలనీ వాళ్లెవరైనా చూస్తే చెప్పండి. లెక్కల్లో మిగిలిందే 240.

నిశ్శబ్ద శ్రోత

మొదట్నుంచీ చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. మూత మా ఇంట్లో ఉంది. మృదంగం ఆయన కూర్చున్నచోట నేల చెమ్మగా ఉంటే కింద వేశాం, తర్వాత మా అబ్బాయి దాని మీద తాళం వేస్తూ ఇంటికి తెచ్చేశాడు. ఇంకా ఆపలేదు. వచ్చి తీసుకెళ్లండి, త్వరగా.